అణా బిళ్లలు

తపాలా బిళ్లలను కూర్చువారు పెక్కురు గలరు. మేము కూర్చునవి రెవెన్యూ బిళ్లలు, అవి అంటిన పాత ప్రోనోట్లు, రశీదులు. విద్యార్థులు కొందఱు బిళ్లను మాత్రము కత్తిరించి తెత్తురు. అట్లు చేయవలదని చెప్పుచున్నాము.

1899వ సంవత్సరపు స్టాంపుల చట్టమునుబట్టి 20 రూపాయలు మించిన రశీదునకు ఒక అణా బిళ్ల వలసియుండెను. నేడు 5,000 రూపాయలు మించినచో ఒక రూపాయి బిళ్ల. అది మరల పనికిరాకుండ దానిమీదుగా సంతకము చేయుదురు. పేరు సగము బిళ్లపైన, సగము కాగితముపైన నుండును. బిళ్లను కోసినచో మనిషి పేరే తెగును. చదువురానివారి వేలిముద్రయు నంతే.

స్టాంపు కాగితమైనచో మేము ముందు వెనుకవైపు చూతుము. కొన్నవాని పేరు, తేది, అమ్మినవాని చేవ్రాలు అందే యుండును.

ఒంటిమిట్టలో ఒక ముసలమ్మ తన మామగారి ప్రోనోటు చూపెను. బావి త్రవ్వుటకై చేసిన యప్పు. జార్జి చక్రవర్తి బొమ్మగల అణా బిళ్ల. అడ్డముగా "చెల్లు" అని వ్రాత. మేమడుగకమునుపే, "అయ్యవారూ, రాసుకో. ఇచ్చేది మాత్రం లేదు. ఆ బావి నీళ్లే ఇంకా తాగుతాండాం" అనెను. నకలు వ్రాసికొంటిమి. ఆమె కాగితమును పసుపుగుడ్డలో చుట్టి పెట్టెలో నుంచెను.