ఖాళీ వేరు, సున్నా వేరు

పీహెచ్‌పీలో డీబగ్గింగ్ అంటే మనలో చాలామందికి ఒకటే మంత్రం: అనుమానం వచ్చిన చోట ప్రింట్_ఆర్ పెట్టు, రిఫ్రెష్ కొట్టు. కానీ వేరియబుల్‌లో నల్ ఉన్నా, ఫాల్స్ ఉన్నా, ఖాళీ స్ట్రింగ్ ఉన్నా ప్రింట్_ఆర్ చూపించేది ఒక్కటే... ఏమీ లేదు! మూడూ ఒకటేలే అని చాలాసార్లు వదిలేస్తాం. అన్నిచోట్లా అలా వదిలేస్తే కుదరదు.

మా నల్లగొండ జిల్లా సంగతే తీసుకోండి. మర్రిగూడ వైపు బోరు నీళ్ళు గ్లాసులో పోసి చూస్తే తేటగానే ఉంటాయి. ఫ్లోరైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు, పరీక్ష చేస్తేగానీ తెలీదు. భారత ప్రమాణాల ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్ళు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. అంతకు మించిన నీళ్ళు ఏళ్ళతరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు వంకర్లు పోతాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగపూర్ నీరీ సంస్థ వాళ్ళు పెట్టిన పేరే 'నల్గొండ టెక్నిక్'. అంత పేరు మోసిన జిల్లా అన్నమాట మాది.

ఆ మధ్య ఇలాంటి నీటి పరీక్షల వివరాలు దాచుకునే చిన్న లారవెల్ అప్లికేషన్ ఒకటి నా దగ్గరకొచ్చింది. కొన్ని బోర్ల ఎదురుగా "0.0 - తాగవచ్చు" అని పచ్చరంగులో కనిపిస్తోంది. మన నేలలో సున్నా ఫ్లోరైడా! వ్యూలో ప్రింట్_ఆర్ పెడితే అక్కడా 0 అనే వచ్చింది. డేటాబేస్ నుంచి రికార్డు వచ్చీ రాగానే, కంట్రోలర్‌లోనే డీడీ పెట్టి చూశా. నల్! అంటే ఆ బోర్లకి అసలు పరీక్షే జరగలేదు.

ఫారంలో ఖాళీగా వదిలిన గడిని లారవెల్ నల్‌గా మార్చి దాచింది. అంతవరకూ న్యాయమే. తర్వాత ఎక్కడో దాన్ని ఫ్లోట్‌గా మార్చారు, అది కాస్తా సున్నా అయి కూర్చుంది. మార్చకపోయినా గండం తప్పేది కాదు. నల్ 1.5కి తక్కువా లేక సమానమా అని అడిగితే పీహెచ్‌పీ అవుననే అంటుంది, రెండింటినీ బూలియన్లు చేసి పోలుస్తుంది మరి. 2020లో వచ్చిన 8వ వెర్షన్‌లో సున్నా, ఖాళీ స్ట్రింగ్ సమానం కాదని సరిచేశారు గానీ, నల్ పోలిక మాత్రం అలాగే ఉంది.

అందుకే విలువతో పాటు టైపు కూడా చూపించేదే వాడండి. వార్_డంప్, సింఫనీ డంప్, లారవెల్ డీడీ, ఏదైనా సరే. ఎక్స్‌డీబగ్‌తో బ్రేక్‌పాయింట్ పెట్టుకుంటే ఇంకా మంచిది. చూసేది కూడా వ్యూలో కాదు, విలువ పుట్టిన చోట. శాంపిల్ బోరు దగ్గర పట్టాలిగానీ ఇంట్లో బిందెలోంచి కాదు కదా!

పాలమూరులో వాన లెక్కలైనా అంతే. వాన పడని రోజు సున్నా, కొలత తియ్యని రోజు ఖాళీ. రెండూ కలిపేస్తే సగటే తప్పుతుంది. మీ టేబుళ్ళలో ఖాళీగా ఉండాల్సిన చోట ఎన్ని సున్నాలు కూర్చున్నాయో వీలు చూసుకుని ఒకసారి లెక్కపెట్టండి.