పల్లెను పల్లెలాగే ఇచ్చాను

కొండపల్లి బొమ్మలంటే పిల్లల ఆటవస్తువులే అనుకుంటారు చాలామంది. నలభై దాటిన నాకు మాత్రం ఏటా సంక్రాంతికి వాటితో పల్లె కట్టడమే సరదా. బావి, ఎడ్లబండి, తాటిచెట్టెక్కే గీతకార్మికుడు, వడ్లు దంచే ఆడవాళ్లు... రాయపోల్‌లోని మా ఇంట్లో బల్ల మీద ఒక ఊరే వెలిసేది.

పిల్లల చదువుల కోసం పట్నంలో రెండు గదుల ఇంటికి మారుతున్నాం. అక్కడ ఆ ఊరికి చోటు లేదు. తెలిసినవాళ్లు తలా ఒక బొమ్మ అడిగారు. విడదీయడానికి మనసొప్పలేదు. మొత్తం మా ఆడబిడ్డ కూతురికే ఇచ్చేశాను. ఏటా నా పక్కన కూర్చుని, "అత్తమ్మా, ఆవును బాయికాడ పెట్టాల్నా?" అని అడిగేది ఆ పిల్లే మరి!

ఈ బొమ్మలు తేలికైన తెల్ల పొణికి కర్రవి. చేతులు, తలలు విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అందుకే తడిబట్ట తగలనివ్వకుండా మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపాను. ఒక్కొక్కటీ పాత నూలుచీర ముక్కలో చుట్టాను. ఏది ఎక్కడ పెట్టాలో కాగితం మీద గీసి పెట్టెలో ఉంచాను.

"గుర్తుగా ఆ ఆవునైనా ఉంచుకో" అన్నారు మావారు. చెయ్యి దానిమీదే ఆగింది. కానీ అది నా దగ్గరుంటే ఆ పల్లెకు పాడి ఎక్కడిది? అదీ చుట్టేశాను.

మీకూ ఇచ్చేయాల్సిన రోజొస్తే, తలా ఒకటి పంచకండి. మళ్లీ ఊరు కట్టే చేతుల్లో పెట్టండి.