కొండ ఎగువన రేపు

మన తెలుగులో ‘ముందు’ అనే మాట చిత్రమైనది. “పెండ్లికి ముందు” అంటే గడచిన కాలం. “ముందు ముందు ఏమవుతుందో” అంటే రాబోయే కాలం. చిన్నప్పటినుండి వాడుతున్నాం గనుక మనకు తికమక లేదు.

పపువా న్యూగినీ దేశంలో, ఫినిస్టెర్ కొండల లోయలలో యోప్నో అనే భాష ఉంది. మాట్లాడేవారు కొద్ది వేలమందే. వారికి కాలం ఎత్తుపల్లాల లెక్క. రాఫెల్ నూన్యెజ్, మరికొందరు పరిశోధకులు వారు మాట్లాడేటప్పుడు చేతులు ఎటు చూపుతారో గమనించి 2012లో ప్రకటించారు. నిన్నటి సంగతికి చెయ్యి ఏరు దిగిపోయే వైపుకు, రేపటి సంగతికి కొండ ఎగువకు పోతుందట. మనిషి ఎటు తిరిగి కూర్చున్నా అంతే. ఇంటి లోపల నేల చదునుగా ఉంటుంది గదా, అక్కడ గుమ్మం వైపు పల్లం, లోపలి వైపు ఎగువ! పూర్వికులు సముద్రం వైపునుండి లోయ ఎక్కి వచ్చారు గనుక ఇలా ఏర్పడిందేమోనని ఆ పరిశోధకుల ఊహ. నాకది సబబుగానే తోచింది.

ఫిలిప్పీ పత్రిక 3వ అధ్యాయంలో పౌలు వెనుకవాటిని మరచి ముందువాటికై పరుగెత్తుతానంటాడు. యోప్నో ఇంట్లో కూర్చుని వింటే అది కొండ ఎక్కే పరుగు అవుతుంది కాబోలు. మైదానంలో పుట్టిన నేను ఆ వాక్యాన్ని ఇంత ఆయాసంతో ఎన్నడూ చదవలేదు.

వారిలో ప్రతి మనిషికీ ఒక చిన్న రాగం కూడా ఉంటుంది. దూరాన ఉన్నవారిని పేరుకు బదులు ఆ రాగం పాడి పిలుస్తారు.

ఈ సంగతులన్నీ మా అమ్మకు చెప్పాను. ఆమెకు ఎనభై దాటాయి. గుడి మెట్లు ఎక్కలేక, “నా పొద్దు వాలిపోయింది నాయనా” అని రోజూ అంటుంది.

“రేపు ఎగువనుందా? వాళ్ళ ముసలోళ్ళకి మోకాళ్ళ నొప్పులుండవా?” అంది. ఇద్దరం నవ్వుకున్నాం. కాసేపాగి, “అయితే నేనింకా ఎక్కుతున్నదాన్నే అంటావు” అంది.

రాగాల సంగతి మాత్రం ఆమెకు వింతగా తోచలేదు.

“మీ నాన్న వీధి మొగలో దగ్గితే చాలు, పొయ్యి దగ్గర నాకు తెలిసిపోయేది. అన్నం వడ్డించేదాన్ని” అని, గుమ్మం వైపు చూసింది.