కన్ను బిగించే చెయ్యి

గద్వాలలో ఒక చీరల దుకాణం ముందు నిచ్చెన వేసుకుని, వనపర్తి నుంచి వచ్చిన ఆ కుర్రాడు సీసీ కెమెరా కేబుల్ తోలును పళ్లతో ఒలిచాడు. కట్టర్ జేబులోనే ఉంది. "పండ్లతోనైతే లోపలి తీగ తెగదన్నా" అన్నాడు. నడిమి రాగితీగను, చుట్టూ ఉన్న జాలీని వేరుచేసి, బీఎన్సీ కనెక్టర్‌లో దూర్చి, స్క్రూ బిగించి, ఒకసారి గుంజి చూశాడు. తీగను డబ్బాలోకి నేరుగా పోనివ్వకుండా కిందికి ఒక వంపు తిప్పాడు. వాననీళ్లు తీగ వెంట జారి ఆ వంపు దగ్గరే రాలిపోతాయట. కెమెరా మూతి తిప్పేముందు పొద్దు ఎటు పొడుస్తుందో సేటును అడిగాడు. ఈ పని అతనికి ఏ బడీ నేర్పలేదు. హైదరాబాద్‌లో ఒకాయన వెంట నిచ్చెన మోస్తూ నేర్చుకున్నాడు.

కెమెరాల వ్యాపారానికి సర్కారు లైసెన్సు ఉండాలా వద్దా, మూడు జిల్లాలు తిరిగి రాయమని సంపాదకుడు పంపాడు. దుకాణాలన్నీ చూసే ఓపిక నాకు లేదు. ఇతని బండి వెనకే కూర్చున్నాను.

పక్క దుకాణం పెద్దాయన అప్పుడే వచ్చాడు. "నాయినా, మా ఫోన్ల బొమ్మ వస్తలేదు. బిగించినోడు హైదరాబాద్ పోయిండు, పాస్‌వర్డ్ వానితోనే పోయింది." కుర్రాడు వెళ్లి, కెమెరాల దృశ్యాలు దాచే డీవీఆర్ ముందు కూర్చుని అడ్మిన్ అని, వరుసగా కొన్ని అంకెలు కొట్టాడు. మొదటిసారికే తెరుచుకుంది. పెద్దాయన చాయ్ తెప్పించాడు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది. దుకాణంతో పాటు వెనక ఇల్లు, వాకిలి, బట్టలారేసే చోటు కూడా ఆ తెరమీద ఉన్నాయి. వెళ్లిపోయినవాడు ఎక్కడో కూర్చుని ఇవన్నీ చూడగలడు. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరాల దృశ్యాలు ఇంటర్నెట్‌లో అమ్మకానికి పెట్టారు. దానికీ ఇలాంటి సులువైన పాస్‌వర్డే ఉందని తరువాత పత్రికలు రాశాయి.

చట్టాలకు కొదవ లేదు. వంద మంది గుమిగూడే చోట కెమెరాలు పెట్టాలని, నెలరోజుల దృశ్యాలు దాచాలని ఉమ్మడి రాష్ట్రంలోనే 2013లో ప్రజా భద్రత చట్టం తెచ్చారు. కాపలాదార్లను పంపే ఏజెన్సీకి 2005 కేంద్ర చట్టం కింద లైసెన్సు కావాలి, గేటు దగ్గర నిలబడే మనిషికి శిక్షణ కావాలి. 2025 ఏప్రిల్ నుంచి కెమెరాకు కూడా భద్రతా పరీక్ష తప్పనిసరి. గేటు దగ్గరి మనిషికి కాగితం ఉంది, గోడమీది యంత్రానికి కాగితం ఉంది. ఆ యంత్రాన్ని మన పడకగది గోడదాకా తెచ్చి, దాని తాళంచెవి చేతిలో పెట్టుకునే మనిషికే లేదు. స్కిల్ ఇండియా కింద సీసీటీవీ ఇన్‌స్టలేషన్ టెక్నీషియన్ అనే కోర్సు ఉంది గాని, అది చదివావా అని అడిగే దిక్కు లేదు. అమెరికాలోని టెక్సాస్‌లో కెమెరా బిగించే కంపెనీకి రాష్ట్ర లైసెన్సు ఉండాలి. డాలస్‌లో ఉన్న మనవాళ్ల పిల్లలకు ఆ రక్షణ ఉంది, గద్వాలలో ఉన్న వాళ్ల అమ్మానాన్నలకు లేదు.

సాయంత్రం నాగర్‌కర్నూల్ వైపు ఒక ఊళ్లో ఆగాం. చౌరస్తా స్తంభం మీద కెమెరాలున్నాయి, ఒకటీ పనిచేయడం లేదు. తీగలు కోతులు పీకేశాయి, అద్దాల మీద సాలెగూళ్లు. ఒక్క కెమెరా వంద మంది పోలీసులతో సమానమని మన పోలీసులు ఏళ్లుగా చెబుతున్నారు. ఆ లెక్కన ఆ స్తంభం మీద ఒక పటాలమే నిద్రపోతోంది. "పెట్టిననాడు ఫోటోలు దిగుతరు, ఖరాబైనంక నాకు ఫోన్ జేస్తరు. పైసలడిగితే ఊరి పని గదా అంటరు" అన్నాడు కుర్రాడు. చందాలతో కొన్న కెమెరాలు అవి. మరమ్మతుకు ఎవరూ ఒక పైసా పక్కన పెట్టలేదు.

గద్వాల చీర నేసే చేతికి భౌగోళిక గుర్తింపు ఉంది, అది దక్కడం న్యాయమే. కెమెరా బిగించే ఈ చేతి పనితనాన్ని మాత్రం బేరమాడి సగానికి తెగ్గొడతాం. అందుకే లైసెన్సు కావాలంటాను, కానీ డిపాజిట్లు, దరఖాస్తులు, దళారులతో నిండిన లైసెన్సు కాదు. అలాంటిది వస్తే హైదరాబాద్ కంపెనీలే మిగులుతాయి, నిచ్చెన మోసినవాళ్లు పోతారు. నిచ్చెన ఎక్కించి తీగ కలపమనండి, అదే పరీక్ష. నేర చరిత్ర ఉందేమో చూడండి. పని అయ్యాక పాస్‌వర్డ్ యజమాని చేతనే మార్పించాలనే షరతు పెట్టండి. వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ నడుస్తోంది. ఈ పరీక్ష పెట్టడానికి అంతకన్నా మంచి చోటేది?

తిరుగుదారిలో బండిమీద ఇదంతా అతనికి చెప్పాను. షరతు మంచిదే అన్నాడు. కాసేపటికి అద్దంలో నన్ను చూస్తూ అడిగాడు: "ఫీజు ఎంత పెడతరన్నా? గా కార్డుంటే రేటు తగ్గియ్యకుండ ఇస్తరా?"