కుర్చీ ఖాళీ చేశాక...

లైబ్రేరియన్‌ అంటే కళ్లద్దాలు, క్యాటలాగు కార్డులు, 'ష్‌... మాట్లాడొద్దు' అనే హెచ్చరిక. చాలామందికి ఇవే గుర్తొస్తాయి. మరి డ్యూటీ దిగాక ఆ మనిషి లోకం ఏమిటి?

అబ్బూరి వారింట్లో దీనికి రెండు తరాల జవాబుంది.

మామగారు అబ్బూరి రామకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లైబ్రేరియన్‌. ప్రాణమంతా కవిత్వం, నాటకం మీదే. 'నటాలి' నాటక సంస్థను స్థాపించింది ఆయనే.

కోడలు అబ్బూరి ఛాయాదేవి ఢిల్లీలోని జవహర్‌లాల్‌ నెహ్రూ విశ్వవిద్యాలయం లైబ్రరీలో పనిచేశారు. కుండీలో కత్తిరించి పెంచే చెట్టుకీ, ఆడవాళ్ల బతుక్కీ పోలిక చెప్పిన 'బోన్‌సాయ్‌ బ్రతుకు' కథ ఆమెదే. 'తన మార్గం' కథల సంపుటికి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

ఆమెకు మరో సరదా కూడా ఉండేది. పనికిరావని మనం పారేసే వస్తువులతో బొమ్మలు చేయడం! చివరి సంవత్సరాలు హైదరాబాద్‌లోని సి.ఆర్‌. ఫౌండేషన్‌ వృద్ధాశ్రమంలో గడిపి, 2019లో కన్నుమూశారు. కథకురాలిగా, బొమ్మలు చేసిన మనిషిగా పాఠకులకు గుర్తుండిపోయారు.

ఉద్యోగమిచ్చిన కుర్చీని ఏదో ఒకరోజు ఖాళీ చేయాల్సిందే. చేతికబ్బిన ఇష్టాన్ని మాత్రం ఎవరూ ఖాళీ చేయించలేరు. మీ ఇంట్లో రిటైర్మెంటుకు దగ్గరపడిన వారుంటే ఈ ఆదివారం అడిగి చూడండి... 'ఆఫీసు కాక మీకింకేం ఇష్టం?' అని. జవాబుకు తడుముకుంటే, వెతుక్కోవడానికి ఇంకా టైముందన్నమాట!