హోసూరు రోడ్డు ఆసుపత్రిలో మన తెలుగు

మా హోసూరులో ఎవరైనా కాస్త అడ్డదిడ్డంగా మాట్లాడితే "నువ్వింక నిమ్హాన్స్‌కు పోవాల్సిందే" అనడం మామూలు. పిల్లలు పిల్లల్ని అంటారు, పెళ్ళాం మొగుణ్ణి అంటుంది. ఆ మాట అనేవాళ్ళలో చాలామంది ఆ గేటు లోపలికి ఎన్నడూ పోయి ఉండరు. దారి మాత్రం అందరికీ తెలుసు. హోసూరు బస్టాండులో బెంగళూరు బస్సెక్కి జూజువాడి దాటితే అత్తిబెలె దగ్గర రాష్ట్రం మారుతుంది. చందాపుర, ఎలక్ట్రానిక్ సిటీ, బొమ్మనహళ్ళి, సిల్కుబోర్డు, మడివాళ. సుమారు 40 కిలోమీటర్లు. మా ఊరి పేరే పెట్టుకున్న ఆ రోడ్డు పట్టుకుని డైరీ సర్కిల్ దాటగానే పెద్ద చెట్లూ, పొడుగాటి ప్రహరీగోడా కనిపిస్తాయి. అదే నిమ్హాన్స్. 2017 నుంచి రెండేళ్ళపాటు నేను క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్. శిక్షణ పొందింది అక్కడే.

ఈ స్థలానికి చాలా చరిత్ర ఉంది. మైసూరు సంస్థానం కాలంలో బెంగళూరులో ఉన్న పిచ్చాసుపత్రికి 1925లో మెంటల్ హాస్పిటల్ అని పేరు మార్చారు. మీర్జా ఇస్మాయిల్ దివానుగా ఉన్న రోజుల్లో, 1930లలో, ఊరికి దూరంగా ఈ విశాలమైన ఆవరణలోకి తెచ్చారు. 1954లో దీని పక్కనే అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వెలిసింది. డాక్టర్ ఎం.వి. గోవిందస్వామి దానికి మొదటి డైరెక్టరు. 1974లో రెండూ కలిసి నిమ్హాన్స్ అయ్యాయి. ఊరికి దూరమని కట్టిన చోటు ఇప్పుడు ఊరి నడిమధ్యకు వచ్చేసింది. అదే రోడ్డు మీద కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రి కూడా ఉంది. తెల్లవారి బస్సులు దిగే జనంలో ఎవరు ఏ గేటుకు పోతారో మొహం చూసి చెప్పలేము.

ఆ జనంలో తెలుగువాళ్ళు ఎంతమందో మొదటి వారంలోనే తెలిసింది. మదనపల్లె, పలమనేరు, పుంగనూరు, కుప్పం, కదిరి, హిందూపురం వాళ్ళకు హైదరాబాదు కంటే బెంగళూరు దగ్గర. రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి చీటీల వరసలో కూర్చుంటారు. ఒక చేతిలో పాత రిపోర్టుల ప్లాస్టిక్ కవరు, ఇంకో చేతిలో చద్దిమూట. పిలిచేవాళ్ళు కన్నడంలో పిలుస్తారు, రాసేది ఇంగ్లీషులో. మాలో ఉత్తరాది వాళ్ళున్నారు, మలయాళీలున్నారు, బెంగాలీలున్నారు. సీమనుంచి ఒక కుటుంబం రాగానే వరండాలో కేక వినపడుతుంది, "తెలుగు ఎవరికి వచ్చు?" అని.

నా తెలుగు సంగతి ఇక్కడ చెప్పాలి. మాది తరాలుగా హోసూరు పక్కనే. బడిలో తమిళం, వీధిలో కన్నడం, ఇంట్లో తెలుగు. 2006లో తమిళనాడులో బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చాక బడిలో తెలుగు చదివే దారి ఇంకా సన్నబడింది. నాకు అక్షరాలు నేర్పింది మా తాత, పలక మీద. పెళ్ళిళ్ళకు విజయవాడ వైపు పోతే అక్కడి చుట్టాలు "మీది తెలుగా, కన్నడమా?" అని నవ్వేవారు. "ఉండాను", "వస్తాండా" అంటే వాళ్ళకు సినిమాలో హాస్యపాత్ర గుర్తొస్తుంది. ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామందికి ఆ నవ్వు తెలిసే ఉంటుంది. ఆసుపత్రి వరండాలో మాత్రం ఎవ్వరూ నవ్వలేదు. పలమనేరు నుంచి వచ్చిన రైతు నా నోట "యా ఊరు మీది?" అన్నది వినగానే భుజాలు దించి, కవరు బల్ల మీద పెట్టి, కాలు చాపుకుని కూర్చున్నాడు.

పర్యవేక్షణలో శిక్షణ అంటే ఏమిటో బయటివాళ్ళకు అంతగా తెలియదు. పుస్తకం చదివి పరీక్ష రాస్తే ఈ వృత్తిలోకి రానివ్వరు. 1992 నాటి చట్టం ప్రకారం ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఎక్కాలంటే, పెద్దవాళ్ళ కళ్ళముందు రోగుల దగ్గర కూర్చోవాలి. పొద్దున రోగితోనూ వెంట వచ్చినవాళ్ళతోనూ విడివిడిగా మాట్లాడి చరిత్ర రాసుకోవాలి. తర్వాత దాన్ని పైవాళ్ళకు వినిపించాలి. వాళ్ళు అడిగే ప్రశ్నలన్నీ దాదాపు ఒకే తీరు. "నిద్ర పట్టదని ఆయన అన్నాడా, నువ్వు అన్నావా?" "భార్య చెప్పిందా, తమ్ముడు చెప్పాడా?" "ఏ నెల నుంచి? పంట కోతకు ముందా, తర్వాతా?" మా మేడమ్‌ది ఉత్తర కర్ణాటక. గొంతు పెంచేవారు కాదు. "వాళ్ళు అన్నది అన్నట్టు రాయి. ఇంగ్లీషు తర్వాత చూద్దాం" అనేవారు. అందుకని నా నోటుబుక్కులో ఎడమ పేజీ అంతా తెలుగు, కుడి పేజీ ఇంగ్లీషు.

మనసు పరీక్షలో సామెతకు అర్థం అడగడం ఒక భాగం. మనిషి పైమాట దాటి లోపలి అర్థం అందుకోగలుగుతున్నాడా అని చూస్తారు. పాఠ్యపుస్తకంలో మెరిసేదంతా బంగారం కాదని ఉంటుంది. మా సీమ రైతుకు అది ఇంగ్లీషు సామెతే. నేను "ఇల్లు అలకంగానే పండగ అవుతుందా" అనే దాన్ని వాడేదాన్ని. ఒకాయన నిదానంగా విని, "ఇప్పుడు ఇల్లు అలికేదెవరు పాపా, అంతా టైల్సే గదా" అన్నాడు. పుస్తకం లెక్కన చూస్తే పైమాట పట్టుకుని వేలాడినట్టే, మార్కు పోయినట్టే. మేడమ్‌కు వినిపిస్తే ఒకటే అడిగారు, "నవ్వుతూ అన్నాడా?" నవ్వాడు. నావైపు చూసి మరీ నవ్వాడు. "అయితే నవ్వాడని కూడా రాయి." ఆ తర్వాత అర్థం అడిగితే, పని మొదలుపెట్టగానే అయిపోయినట్టు కాదని చక్కగా చెప్పాడు కూడా.

తెలివితేటల కొలతలదీ ఇదే కథ. ఫ్రాన్సులో బినే తయారుచేసిన పరీక్షను డాక్టర్ కామత్ కన్నడ, మరాఠీ పిల్లలకు సరిపడేట్టు మలిచారు. దక్షిణాదిలో బినే-కామత్ పరీక్ష చాలాకాలం వాడుకలో ఉంది. చదువు రానివాళ్ళకోసం డాక్టర్ భాటియా చెక్కముక్కలు, బొమ్మలతో 1955లో మరొకటి ప్రచురించారు. ఒక మనిషికి బుద్ధి ఎంతుందో తెలుసుకోవాలంటే ముందు అతని భాషలో అడగాలని ఆ ఇద్దరికీ తెలుసు.

వచ్చే కుటుంబాలు నేరుగా ఇక్కడికి రావు. నెల్లూరు జిల్లా ఏ.ఎస్.పేట దర్గాకు పోయి వస్తారు, తమిళనాడులో గుణశీలం గుడిలో ఉండి వస్తారు. ఆ సంగతి మాకు చెప్పడానికి భయపడతారు, తిడతామని. నిమ్హాన్స్ వైద్యులు కొందరు తమిళనాడులోని ఒక ముత్తుస్వామి గుడిలో ఉండటానికి వచ్చిన 31 మంది రోగులను పరిశీలించి 2002లో ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో రాశారు. గుడిలో ఉన్న కొన్ని వారాల్లో వాళ్ళ లక్షణాల కొలత దాదాపు 20 శాతం తగ్గింది. మందుల్లేవు, వెంట ఇంటివాళ్ళు ఉన్నారు. అలాగని గుడి చాలని ఆ వైద్యులు అనలేదు. 2001 ఆగస్టులో ఏర్వాడిలో గొలుసులతో కట్టేసిన రోగులు మంటల్లో కాలిపోయిన సంగతి మరిచేది కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. దర్గా పేరు చెప్పిన అమ్మను "అక్కడ ఎన్నాళ్ళు ఉన్నారు, ఏం తిన్నారు, వాడికి అక్కడ నిద్ర పట్టిందా?" అని అడిగితే, మిగతా కథంతా దానంతట అదే వస్తుంది.

ఒక అవ్వ గురించి రాస్తాను. ఊరూ వివరాలూ మార్చాను. డెబ్బై దగ్గర పడిన మనిషి, ముప్పై దాటిన కొడుకును పిలుచుకొచ్చింది. అతనికి స్కిజోఫ్రెనియా, పదేళ్ళ పైబడిన జబ్బు. మందులు వేసుకుంటే నెమ్మదిగా ఉంటాడు, మానేస్తే గొంతులు వినపడతాయి. ఇంట్లో వాళ్ళిద్దరే. కొడుకు సంగతంతా చెప్పి చివర్లో "నాకు పొద్దుగూకితే దిగులు పాపా" అంది.

ఈ దిగులు అనే మాట దగ్గర ఆగాల్సి వచ్చింది. కృష్ణా, గోదావరి వైపు దిగులంటే విచారం. మా వైపు దిగులంటే భయం. కన్నడంలో 'దిగిలు' అన్నా భయమే. కుడి పేజీలో ఇంగ్లీషులో ఏ మాట రాయాలి? విచారమని రాస్తే తర్వాతి ప్రశ్నలన్నీ ఒక దారిన పోతాయి, భయమని రాస్తే ఇంకో దారిన. ఖాళీగా వదిలి మేడమ్ దగ్గరికి తీసుకుపోయాను. ఆమెకు కన్నడం దిగిలు తెలుసు, అయినా "మనిద్దరం తీర్మానించేది కాదు, పోయి ఆమెనే అడుగు" అన్నారు.

అడిగాను. "దిగులంటే వాడంటే దిగులా అవ్వా?"

"వాడంటే నాకేం దిగులు? నా కడుపున పుట్టినోడు. తిట్టినా కొట్టినా వాడు నా బిడ్డే. నేను పోతే వాడికి అన్నం పెట్టేదెవరని దిగులు. పొద్దుగూకితే అదే గెవనం. ముద్ద దిగదు."

గెవనం అంటే జ్ఞాపకం, ధ్యాస. ఆ వాక్యం మొత్తం ఎడమ పేజీలో ఉన్నదున్నట్టు రాసుకున్నాను. మేడమ్ విని, "ఇప్పుడు మన దగ్గర ఇద్దరు రోగులున్నారు" అన్నారు. మరుసటి రోజు నుంచి అవ్వకు కూడా విడిగా అరగంట కేటాయించాం. ఆమె నిద్ర, ఆమె రక్తపోటు, ఆమె తిండి.

ఇంటివాళ్ళను వెంట ఉండనివ్వడం మన దేశపు మానసిక వైద్యంలో చాలాకాలంగా ఉన్న మంచి పద్ధతి. 1950లలో అమృత్‌సర్‌లో డాక్టర్ విద్యాసాగర్ ఆసుపత్రి ఆవరణలోనే గుడారాలు వేయించి రోగుల కుటుంబాలను ఉంచారు. కానీ ఆ ఇంటి మనిషి ముసలిదైతే, ఒక్కతే అయితే ఏమిటనేది గుడారంతో తీరదు. కొత్త చట్టం 2018 మే చివర అమలులోకి వచ్చాక, రోగి తన తరఫున నిలబడే మనిషిని తానే పేరు పెట్టి చెప్పవచ్చు. ఆ కాగితం గురించి వివరించి, అవ్వను కాదు, కొడుకును అడిగాం. చాలాసేపు నేల చూశాడు. తర్వాత మేనమామ కొడుకు పేరు చెప్పాడు. అవ్వ ఆశ్చర్యపోయింది. ఆ పిల్లోడికి బెంగళూరులో ఆటో ఉంది, నెలకోసారి ఫోను చేస్తాడు, అంతే. "వాడు నన్ను పేరు పెట్టి పిలుస్తాడు" అన్నాడు కొడుకు. ఊళ్ళో మిగతావాళ్ళు అతన్ని ఏమని పిలిచేవారో అడగలేదు, తెలుస్తూనే ఉంది.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. నిమ్హాన్స్ వాళ్ళు 1980లలో బళ్ళారి జిల్లాలో చేసి చూపిన పద్ధతి ఆధారంగానే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. ఊళ్ళోని సర్కారు డాక్టరుకే ఈ జబ్బుల గురించి శిక్షణ ఇచ్చి, మందు దగ్గర్లోనే దొరికేట్టు చేయడం దాని పద్ధతి. తెలుగూ కన్నడమూ కలగలిసిన బళ్ళారిలో అది మొదలవడం నాకు సరిగ్గానే తోస్తుంది. 2022 అక్టోబరు నుంచి టెలి మానస్ ఉంది. 14416కు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. రాత్రి బస్సు ఖర్చు లేని ఆ సౌకర్యం మన కుటుంబాలకు తెలియాలి.

అవ్వావాళ్ళను డిశ్చార్జి చేసిన రోజు మేనమామ కొడుకు ఖాకీ చొక్కాలోనే వచ్చాడు. మందుల చీటీ ఇంగ్లీషులో ఉంది. అతను ఏడో తరగతి దాకా చదివాడు, తెలుగు చదవగలడు. ఒక తెల్లకాగితం తీసుకుని, తాత పలక మీద నేర్పిన అక్షరాల్లో రాసిచ్చాను. తెల్లమాత్ర, పొద్దున టిఫిను తిన్నాక ఒకటి. పసుపుమాత్ర, రాత్రి అన్నం తిన్నాక ఒకటి. మానేయకూడదు. మళ్ళీ రావాల్సిన తేదీ. అతను గట్టిగా చదివి వినిపించాడు. అవ్వ రెండోసారి చదివించింది. అప్పుడు కొడుకు ఆ కాగితం అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, తన జేబులోనే పెట్టుకున్నాడు.