కుళ్ళిన కోడిగుడ్డు వాసన

ఇంటర్‌లో సాల్ట్ ఎనాలిసిస్ చేసినవాళ్ళకి కిప్స్ ఉపకరణం గుర్తుండే ఉంటుంది. ఒకదాని మీద ఒకటి మూడు గాజు బుడగలు. మధ్యదాంట్లో ఐరన్ సల్ఫైడ్ ముక్కలు, పైనుంచి దిగే ఆమ్లం. కుళాయి తిప్పితే హైడ్రోజన్ సల్ఫైడ్ బయటికొస్తుంది. దాని ధర్మాలు రాయమంటే అందరం మొదట రాసేది ఒకటే: కుళ్ళిన కోడిగుడ్ల వాసన కలిగి ఉండును. మా బ్యాచ్‌లో చాలామందికి కుళ్ళిన గుడ్డు వాసన ఎలా ఉంటుందో అసలు తెలీదు. ల్యాబ్‌లో ఈ వాయువు పీల్చాక, ఓహో, గుడ్డు కుళ్ళితే ఇలా ఉంటుంది కాబోలు అనుకున్నాం.

ఆ వాయువు పేరు మళ్ళీ నా జీవితంలోకి వస్తుందని అనుకోలేదు. పోయినేడాది ఒక రాత్రి రెండు గంటలప్పుడు, హాల్లో లాప్‌టాప్ ముందు కూర్చుని, పంది అండాల పరిపక్వతలో హైడ్రోజన్ సల్ఫైడ్ పాత్ర గురించిన పరిశోధన పత్రం చదువుతూ దొరికిపోయాను. దొరికింది మా ఆవిడకి.

అక్కడిదాకా ఎలా వెళ్ళానో చెప్పాలి. మాకు పెళ్ళై ఎనిమిదేళ్ళు. ‘విశేషం ఏమైనా ఉందా?’ అన్న ప్రశ్నకి మొదటి మూడేళ్ళు నవ్వాం, తర్వాత రెండేళ్ళు మాట మార్చాం, ఆ తర్వాత పెళ్ళిళ్ళకి వెళ్ళడం తగ్గించాం. చివరికి ఐవీఎఫ్. పదకొండు రోజులు పొట్టలో ఇంజెక్షన్లు. ఆఖరి ఇంజెక్షన్ రాత్రి పదిన్నరకి చెయ్యాలన్నారు, నిమిషం అటూ ఇటూ కాకూడదు. సరిగ్గా ముప్ఫై ఆరు గంటల తర్వాత అండాలు తీశారు. మర్నాడు వాట్సాప్‌లో రిపోర్టు వచ్చింది. మొత్తం: 9. ఎమ్‌టూ: 4. ఎమ్‌వన్: 2. జీవీ: 3.

ఫోన్ చేస్తే, ‘జీవీ అంటే ఇమ్మెచ్యూర్ సర్, అవి పనికిరావు’ అన్నారు అవతలి నుంచి. ఆ నాలుగిట్లో రెండు ఫలదీకరణం చెందాయి. ఒకటి ఐదో రోజు దాకా వచ్చింది. లోపల పెట్టారు. నిలవలేదు.

నాకు ఏదైనా బగ్ వస్తే లాగ్స్ చదివే అలవాటు. ఆ ‘పనికిరావు’ అన్న మూడింటి లాగ్స్ కోసం వెతకడం మొదలుపెట్టాను.

చదివేకొద్దీ నేను అనుకున్నదంతా తిరగబడింది. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలన్నీ తయారైపోతాయి. తమలోని జన్యుపదార్థాన్ని సగం చేసుకునే విభజన మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోతాయి. పుట్టేసరికి ఓ పది ఇరవై లక్షలు మిగులుతాయి, అన్నీ ఆగిన స్థితిలోనే. ఆ స్థితికే జీవీ అని పేరు. మా ఆవిడకి ముప్ఫై ఐదేళ్ళు. అంటే ఆ మూడూ ముప్ఫై ఐదేళ్ళకి పైగా ఆగి, ఇంకా కదలనివన్నమాట. కదిలినవి ఎమ్‌వన్ దాటి ఎమ్‌టూకి చేరి, అక్కడ మళ్ళీ ఆగి, వీర్యకణం కోసం చూస్తాయి. ఆ రెండో ఎదురుచూపు ఎక్కువసేపు ఉండదు. ఒక రోజు, అంతే. తర్వాత అండం ముసలిదైపోతుంది.

పరిపక్వత అనగానే నాకు మామిడికాయ పండడం గుర్తొస్తుంది. ఎండ, గడ్డి, రోజులు. అండం అలా పండదట. 1935లో పిన్‌కస్, ఎన్జ్‌మన్ అనే ఇద్దరు కుందేలు అండాల్ని వాటి పుటికల్లోంచి బయటికి తీసి చూశారు. ఏ హార్మోనూ ఇవ్వకుండానే అవి వాటంతటవే విభజన కొనసాగించాయి. అంటే లోపల ఉన్నన్నాళ్ళూ చుట్టూ ఉన్న కణాలే ‘ఆగు, ఆగు’ అంటున్నాయన్నమాట. పరిపక్వత ముందు ఒక బ్రేకు వదలడం. ఆ తర్వాతే మిగతావన్నీ.

మరి ఆ బ్రేకు కథలో పందులెందుకు? మనిషి అండం దొరకడం కష్టం, పంది అండాశయాలు కబేళాల్లో ఎన్నైనా దొరుకుతాయి. అండం పరిమాణం కూడా మనిషి అండానికి దగ్గర, ఒక మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. ఎలుక అండం కొన్ని గంటల్లో తయారైపోతుంది, పందిది ల్యాబ్ గిన్నెలో 44 గంటలు తీసుకుంటుంది. తీరిగ్గా ఒక్కో మెట్టూ చూడొచ్చు. మన తెలుగులో ఎవరికైనా పిల్లలెక్కువుంటే ‘పందులు ఈనినట్టు’ అని ఈసడిస్తారు. ఆ ఈనడంలో ఏముందో తెలుసుకోడానికి ప్రపంచం దాని దగ్గరికే వెళ్ళింది.

ఇక వాయువు. శరీరం వాయువుల్ని తనలో తాను మాట్లాడుకోడానికి వాడుతుందని మొదట బయటపడింది నైట్రిక్ ఆక్సైడ్ విషయంలో. అది రక్తనాళాల్ని సడలిస్తుందని కనుక్కున్న ముగ్గురికి 1998లో నోబెల్ వచ్చింది. హైడ్రోజన్ సల్ఫైడ్ మెదడులో అలాంటి పని చేస్తుందని 1996లో జపాన్ వాళ్ళు చూపించారు. మామూలు హార్మోను కణం గోడ మీద తనకి సరిపోయే గ్రాహకాన్ని వెతుక్కోవాలి. వాయువుకి ఆ అవసరం లేదు. పుట్టినచోటి నుంచి పొరల్లోంచి దూరి పక్క కణంలోకి వెళ్ళిపోతుంది, పని చేసి కాసేపట్లో మాయమవుతుంది. దాచిపెట్టుకోడం కుదరదు, అప్పటికప్పుడు తయారు చేసుకోవాల్సిందే. సిస్టీన్ అనే అమైనో ఆమ్లం నుంచి దాన్ని తయారుచేసే ఎంజైములు మూడున్నాయి. అవి పంది అండంలోనూ, దాని చుట్టూ ఉండే కణాల్లోనూ కనిపించాయి.

ప్రాగ్‌లోని వ్యవసాయ, జీవశాస్త్రాల విశ్వవిద్యాలయం వాళ్ళు దీని మీద వరసగా పనిచేశారు. ఆ ఎంజైముల్ని మందులతో అడ్డుకుంటే అండం నడక కుంటుపడింది. బయటినుంచి ఆ వాయువునిచ్చే సోడియం సల్ఫైడ్ కలిపితే విభజన వేగమైంది. కానీ అదే మందు, అండాన్ని పట్టుకుని ఉండే కణాలు మామూలుగా మేఘంలా విచ్చుకునేవి కదా, ఆ విచ్చుకోడాన్ని తగ్గించేసింది. అందుకే 2014లో వేసిన పత్రం పేరులోనే ద్వంద్వ ప్రభావాలు అని పెట్టుకున్నారు. ఒక చేత్తో తోసి, ఇంకో చేత్తో పట్టుకోవడం. మరుసటేడు వచ్చిన పత్రం నన్ను కుర్చీలోంచి లేపింది. ఎమ్‌టూకి చేరి, వీర్యకణం రాక గిన్నెలో ముసలివైపోతున్న పంది అండాలకి ఇదే వాయువునిస్తే, అవి ముక్కలవడం, చచ్చిపోవడం తగ్గింది. తర్వాత వాటిని మేల్కొలిపితే పిండాలుగా ఎదగగలిగే శక్తి మెరుగైంది.

అంటే కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే వాయువు, గుడ్డు పాడవకుండా కాస్తోంది. నేను నిజంగానే గట్టిగా నవ్వాను. ఆ నవ్వుకే మా ఆవిడ లేచి వచ్చింది.

‘ఏం చదువుతున్నావ్?’

చెప్పాను. ఉత్సాహంగానే చెప్పాను, కిప్స్ ఉపకరణం దగ్గర్నుంచి. నిలబడే వింది. విని, ‘ఆ పంది గురించి ఏం రాశారు?’ అంది.

‘ఏ పంది?’

‘అండాలు ఎవరివో వాళ్ళ గురించి.’

వెతికాను. పద్ధతులు అన్న విభాగంలో ఒక్క వాక్యం. అండాశయాలు స్థానిక కబేళా నుంచి సేకరించబడినవి. కర్త లేని వాక్యం. ఎవరు సేకరించారో లేదు, దేని నుంచో దాదాపు లేదు. పుస్తకాల మీద సమీక్షలు రాసేటప్పుడు కర్మణి ప్రయోగం కనిపిస్తే ఎర్రపెన్నుతో గీత గీసే మనిషిని నేను. ఈ వాక్యాన్ని నాలుగుసార్లు చదివి కూడా ఆగలేదు. మా రిపోర్టు కూడా అలాంటిదే. తొమ్మిది అండాలు తీయబడినవి. తీసిన రోజు ఆవిడ మత్తు దిగాక వాంతి చేసుకోవడం, ఆ పదకొండు రోజులూ నేను స్టాండప్ కాల్‌లో ఉంటే బెడ్‌రూమ్‌లో తనకి తనే సూది గుచ్చుకోవడం అందులో ఎక్కడా లేవు. నేను వెతికిన లాగ్స్‌లోనూ లేవు.

హైడ్రోజన్ సల్ఫైడ్‌కి ఇంకో గుణం ఉంది. ఇంటర్‌లో చెప్పలేదు. కొంచెం ఉన్నప్పుడు వాసన గుప్పుమంటుంది. ప్రమాదకరమైన మోతాదు చేరగానే ముక్కు పనిచెయ్యడం మానేస్తుంది. వాసన పోయిందనుకుంటాడు మనిషి. మ్యాన్‌హోళ్ళలో దిగినవాళ్ళు ఒకరి వెనక ఒకరు పడిపోయారన్న వార్తల వెనక చాలాసార్లు ఉండేది ఈ వాయువే. ఆ రాత్రి అది చదివాక నాకు మా ఇల్లే గుర్తొచ్చింది. మేం ఆ విషయం మాట్లాడుకోక నాలుగు నెలలైంది. అంతా సర్దుకుందనే నేను అనుకుంటున్నాను.

తర్వాతి అపాయింట్‌మెంట్‌లో డాక్టర్‌గారిని ఈ పత్రాల గురించి అడిగాను. ఆవిడ ఓపిగ్గానే చెప్పారు. గిన్నెలో పంది అండానికి పనికొచ్చిందని మనిషికి ఇవ్వలేం, మోతాదు కొంచెం పెరిగినా అదే విషం అని. సరైన మాటే. నేను మందు కోసం చదవలేదని నాకు అప్పటికే తెలుసు. పక్కగదిలో ఏడుస్తున్న మనిషి దగ్గరికి వెళ్ళకుండా ఉండటానికి, నిద్రపట్టని మనిషికి గౌరవంగా కనిపించే పని ఒకటి కావాలి. నాకు పంది అండాలు దొరికాయి.

రెండోసారి వెళ్ళాలా వద్దా అన్నది ఆవిడకే వదిలేశానని చాలా రోజులు గొప్పగా చెప్పుకున్నాను. అది వదిలెయ్యడం కాదు, తప్పించుకోవడమని ఆవిడే చెప్పింది. ‘నిర్ణయం నాది అంటావు, భయం కూడా నాదేనా?’ అంది. దానికి నా దగ్గర పత్రం లేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా కూర్చుని మాట్లాడుకున్నాం. డబ్బు, వయసు, ఆవిడ ఒళ్ళు, దత్తత, ఇవేవీ లేకుండా ఇద్దరమే ఉండిపోవడం, అన్నీ. ఇంకొక్కసారి, అంతే అనుకున్నాం. అదీ ఆవిడ పెట్టిన షరతు మీద.

షరతు ప్రకారం ఈసారి ఇంజెక్షన్లు నేనే చేస్తున్నాను. ఇవాళ ఆరో రోజు. మొదటి రోజు నా చెయ్యి వణికితే, ఆవిడే నా మణికట్టు పట్టుకుని గుచ్చింది. ఇప్పుడు ఫర్వాలేదు. సాయంత్రం ఏడున్నరకి కాల్స్ పెట్టొద్దని టీమ్‌కి చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను. అత్తయ్యగారు ఫోన్ చేసి ‘ఏంటమ్మా విశేషాలు?’ అని అడిగితే, మా ఆవిడ స్పీకర్ ఆన్ చేసి నా వైపు చూసింది.

‘సూదులు వేస్తున్నానత్తయ్యా,’ అన్నాను. ‘ఎడమవైపు కొంచెం కమిలింది.’